గడియారాన్ని చెరపొద్దు: నేటి మూలవాసీ యోధురాలి పోర్ట్రెయిట్ ఎలా తీయాలి

1910లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ పీగన్ అనే మూలవాసీ జాతివాళ్ల గుడారంలో కూర్చున్న ఇద్దరు మగవాళ్లను ఫొటో తీశాడు. వాళ్లిద్దరి మధ్య ఒక గడియారం ఉంది. నెగటివ్‌లో అది స్పష్టంగా కనిపిస్తుంది. అచ్చయిన పుస్తకంలో మాత్రం లేదు, రీటచ్ చేసి తీసేశారు. 1907 నుంచి 1930 దాకా 20 సంపుటాలుగా వెలువడిన ఆ పనిలో అమెరికా మూలవాసులంటే అంతరించిపోతున్న జనం. గడియారం ఉంటే ఆ కథ నిలవదు. వందేళ్లు దాటినా ఆ పుస్తకాల నీడ ఇంకా పోలేదు. మూలవాసీ మహిళను యోధురాలిగా తీయమంటే చాలామంది చేయి తనకు తెలియకుండానే అటే పోతుంది: సెపియా రంగు, శూన్యంలోకి చూసే కళ్లు, తలమీద ఈకలు, వెనక కుంగుతున్న సూర్యుడు.

అమెరికాలోనో కెనడాలోనో ఉండి లకోటా, దినే (నవాహో), అనిషినాబే, క్రీ, హైడా, ఇంకా అలాంటి వందల జాతుల మహిళల పోర్ట్రెయిట్లు తీయబోయేవాళ్ల కోసం రాస్తున్నది ఇది. షూట్ ప్లాన్ చేసుకునేటప్పుడు, ఎడిట్ చేసేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ ఫ్రేములో గడియారం ఎక్కడ? ఆమె ఈ ఏడాది మనిషి అని చెప్పే వస్తువు, చోటు, పని ఏది? దానికి జవాబు లేకపోతే ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా వచ్చేది కర్టిస్ ఫొటోకి రంగుల నకలే.

ముందు మాట, తర్వాతే కెమెరా

మొదటిసారి కలిసేటప్పుడు కెమెరా తీసుకెళ్లొద్దు. ఒక గంట కూర్చుని మాట్లాడండి. దేనికోసం నిలబడ్డారు, ఎవరి ఎదుట? ఆ పనిలో ఉన్నప్పుడు చేతిలో ఏముంటుంది? ఏ బట్టలు వేసుకుంటే ఒళ్లు తనంతట తాను నిటారుగా నిలుస్తుంది? కెమెరా ముందుకు రాకూడనిది ఏదైనా ఉందా? పూర్తయిన ఫొటో అందరికన్నా ముందు ఎవరు చూడాలి? ఈ చివరి ప్రశ్న మామూలుగా కనిపిస్తుంది కానీ ఫొటో శైలిని తేల్చేది అదే. "మా అమ్మమ్మ చూడాలి" అని జవాబొస్తే ముఖం మీద సగం నీడ వేసే పోస్టర్ లైటింగ్ పనికిరాదు. అమ్మమ్మకి మనవరాలి ముఖం కనిపించాలి, ఆ మెడలో పూసలు ఎవరు కుట్టారో గుర్తుపట్టేలా ఉండాలి.

"యోధురాలు" అన్న మాట కూడా ఆమెను అడిగాకే వాడాలి. కొందరికి అది సొంత భాషలో బరువైన బిరుదు, సంపాదించుకోవాల్సింది. కొందరికి సినిమాలు అంటగట్టిన ముద్ర. మాట వద్దంటే మానేయండి, ఫొటో ఆగదు. కావాలంటే వెనక చరిత్ర బోలెడుంది. 1876 జూన్ 17న రోజ్‌బడ్ యుద్ధంలో గుర్రం పోగొట్టుకుని చిక్కుబడిపోయిన సోదరుడిని కాల్పుల మధ్యలోంచి ఎక్కించుకొచ్చింది ఉత్తర షయాన్ మహిళ బఫెలో కాఫ్ రోడ్ వుమన్. 2003 మార్చిలో ఇరాక్‌లో ప్రాణం కోల్పోయిన హోపీ సైనికురాలు లోరి పియెస్టెవా, అమెరికా సైన్యంలో యుద్ధంలో మరణించిన మొదటి మూలవాసీ మహిళ. అదే 2003లో జోసెఫీన్ మాండమిన్ అనే అనిషినాబే పెద్దావిడ రాగి బిందె నిండా నీళ్లు పట్టుకుని లేక్ సుపీరియర్ చుట్టూ నడక మొదలుపెట్టారు, నీటిని కాపాడాలని. తుపాకీ పట్టినవాళ్లే యోధులనుకోకండి, ఈ ముగ్గురూ యోధులే అని వాళ్లవాళ్లు అంటారు. మీ ముందు కూర్చున్న మనిషి చేతిలో ఉండేది లా డిగ్రీ పట్టా కావచ్చు, స్కేట్‌బోర్డ్ కావచ్చు, పిల్లలకి భాష నేర్పే వైట్‌బోర్డ్ మార్కర్ కావచ్చు.

మీరు తీసుకెళ్లకూడనివి

ప్రాప్స్ విషయంలో నియమం చాలా చిన్నది: ఆమె తెచ్చుకున్నదే ఫ్రేములో ఉండాలి. మీరు ఏదీ కొనుక్కుని వెళ్లొద్దు, ముఖ్యంగా ఈకలు.

అమెరికాలో గద్ద ఈక మీ దగ్గర ఉండటమే నేరం. బాల్డ్ ఈగిల్ రక్షణ చట్టం 1940లో వచ్చింది, 1962లో గోల్డెన్ ఈగిల్‌ని కూడా చేర్చారు. మొదటి తప్పుకే వ్యక్తికి లక్ష డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన తెగల సభ్యులకే, ఆచార అవసరాలకి, అది ఉంచుకునే హక్కుంది. అందుకే ఆమె గద్ద ఈక తెచ్చుకుంటే మీరు గాని, మీ అసిస్టెంట్ గాని దాన్ని సర్దడానికి చేయి పెట్టొద్దు. వంకరగా ఉందనిపిస్తే మాటతో చెప్పండి. టర్కీ ఈకలకి రంగు వేసి అమ్మే తలపాగాలు చట్టం దృష్టిలో తప్పు కాకపోవచ్చు, ఫొటోని మాత్రం ముంచేస్తాయి. మైదాన ప్రాంతపు జాతుల్లో వార్ బానెట్ (ఈకల తలపాగా) ఒక్కో ఈక చొప్పున గౌరవంగా దక్కేది. దినే మహిళ తలమీద అది పెడితే ఆ ఫొటో చూసిన ప్రతి మూలవాసీ నవ్వుకుంటాడు, లేదా కోప్పడతాడు. టీపీ గుడారం కూడా అంతే: అది మైదానాల వాళ్లది, పసిఫిక్ తీరపు హైడా వాళ్లవి దేవదారు పలకల ఇళ్లు.

సేజ్ ఆకు పొగని "మూడ్" కోసం వాడటం ఇంకో అలవాటైన పొరపాటు. పొగ వేయడం ప్రార్థన. ప్రార్థన జరిగేటప్పుడు కెమెరా కింద పెట్టండి. వెలుతురు కిరణాలు కనబడాలంటే ఫాగ్ మెషీన్ అద్దెకి దొరుకుతుంది.

దుస్తుల్ని "కాస్ట్యూమ్" అనొద్దు. పావ్‌వావ్ (మూలవాసుల నాట్య ఉత్సవం) నాట్య దుస్తుల్ని వాళ్లు ఇంగ్లీషులో రెగాలియా అంటారు, ఆ మాటే వాడండి. మన పత్రికల్లో ఇంకా అక్కడక్కడా కనిపించే "రెడ్ ఇండియన్" అన్న మాటను కూడా ఇక్కడితో వదిలేస్తే మంచిది.

చోటు, అనుమతి, కాగితం

హోపీ గ్రామాల్లో ఫొటోలు తీయడం నిషేధం, స్కెచ్ గీయడం కూడా. న్యూ మెక్సికో ప్యూబ్లోల్లో (మూలవాసుల గ్రామాల్లో) ఒక్కోదానికి ఒక్కో నియమం: కొన్ని ఫీజు తీసుకుని ఒప్పుకుంటాయి, కొన్ని అసలు ఒప్పుకోవు. నవాహో నేషన్ పార్కుల్లో కమర్షియల్ షూట్‌కి పర్మిట్ కావాలి. ఆమె ఆ ఊరి మనిషే అయినా తెగ ప్రభుత్వ అనుమతి వేరు, ఆమె అనుమతి వేరు. రెండూ ఉండాలి. పావ్‌వావ్‌లో అనౌన్సర్ కెమెరాలు దించమంటే వెంటనే దించాలి. గద్ద ఈక నేలమీద పడినప్పుడు అయితే ఎవరూ చెప్పకుండానే దించాలి.

అందుకే మొదటి ఫొటోకి ఆమె రోజూ తిరిగే చోటే సులువు, చాలాసార్లు బలం కూడా దానిదే. బస్‌స్టాప్, కోర్టు మెట్లు, ఆసుపత్రి కారిడార్, రిజర్వేషన్‌లోని (మూలవాసులకి కేటాయించిన ప్రాంతంలోని) బాస్కెట్‌బాల్ కోర్టు. అనిషినాబే ఫొటోగ్రాఫర్ నాద్యా క్వాండిబెన్స్ నగర వీధుల్లో మూలవాసుల్ని నిలబెట్టి తీసిన సిరీస్‌ని ఒకసారి చూడండి. వెనక కాంక్రీటు ఉండగానే రెగాలియా గతం వస్తువులా కనిపించడం మానేస్తుంది.

కాగితం దగ్గర చాలామంది ఫొటోగ్రాఫర్లు మొహమాటపడతారు. అమెరికాలో, 2012 సవరణ తర్వాత కెనడాలో కూడా, వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్ ఫొటో తీసినవాడిదే. మామూలు మోడల్ రిలీజ్ (ఫొటో వాడుకోవడానికి ఒప్పుకునే కాగితం) మీద ఆమె సంతకం పెడితే మీ హక్కులు ఇంకా పెరుగుతాయి, ఆమెకి ఏమీ రాదు. కాబట్టి రిలీజ్‌తోపాటు ఒక పేజీ ఒప్పందం విడిగా రాసుకోండి. అందులో: ఆమె చూసి ఒప్పుకున్న ఫ్రేములే బయటికి వెళ్తాయి, ఫొటోలు అమ్మే స్టాక్ ఏజెన్సీలకి, ప్రకటనలకి, ఏఐ ట్రెయినింగ్‌కి ఇవ్వరు, ఫుల్ రిజల్యూషన్ ఫైళ్లు ఆమెకీ ఉంటాయి, తన పనికి ఉచితంగా వాడుకోవచ్చు, ప్రింట్లు అమ్ముడైతే ఆమె వాటా ఎంతో అంకెల్లో, ఫలానా తేదీలోపు వద్దంటే వెనక్కి తీసుకునే వీలు. షూట్ రోజుకి ఆమె సమయానికి డబ్బు ఇవ్వండి. నవలల కవర్ల కోసం మోడల్‌కి ఇచ్చినప్పుడు ఎవరూ ప్రశ్నించరు, ఇక్కడ మాత్రం "కమ్యూనిటీ కోసం కదా" అని ఊరికే అడిగేస్తారు.

లెన్స్, ఎత్తు, దూరం

బలంగా చూపించాలంటే కెమెరా నేలకి ఆనించి పైకి తీయాలని ఒక నమ్మకం ఉంది. సినిమా హీరో ఎంట్రీకి పనికొస్తుందేమో గాని, ఇక్కడ గడ్డం కింది భాగం, ముక్కుపుటాలు పెద్దవై ముఖం చిన్నదవుతుంది. నిలువెత్తు ఫొటోకి కెమెరాని ఆమె బొడ్డు ఎత్తులో, అంటే నేల నుంచి 95–105 సెంటీమీటర్ల దగ్గర పెట్టి, లెన్స్‌ని పైకి వంచకుండా సమతలంగా ఉంచండి. అలా పెడితే దిగంతరేఖ నడుము దగ్గర పడి ఆమె పై సగం ఆకాశంలోకి లేస్తుంది, ముఖం మాత్రం వంకర పోదు. తలపైన చోటు చాలకపోతే లెన్స్ వంచకుండా వెనక్కి జరగండి, తర్వాత కింద కత్తిరించండి.

ఫుల్‌ఫ్రేమ్ కెమెరా నిలువుగా పట్టుకుంటే 50 ఎంఎం లెన్స్‌తో 3 మీటర్ల దూరంలో నిలువెత్తు మనిషి చుట్టూ కొంచెం చోటుతో సరిపోతుంది. 85 ఎంఎం అయితే అదే 3 మీటర్లకి తల నుంచి మోకాళ్ల పైదాకా వస్తుంది. చోటు కూడా చెప్పాల్సిన ఫొటోకి 35 ఎంఎం అడ్డంగా పట్టుకుని 4 మీటర్ల దూరం. అంతకన్నా వైడ్‌కి వెళ్తే ఫ్రేము అంచున ఉన్న చేయి సాగిపోతుంది, పూసల వరుసలు వంగిపోతాయి.

ఎఫ్ 1.8 (లెన్స్ రంధ్రం బాగా తెరిచిన సెట్టింగ్) దగ్గర ఆగిపోయేవాళ్లకి ఒక లెక్క. 85 ఎంఎం, 2 మీటర్ల దూరం, ఎఫ్ 1.8: ఫోకస్‌లో ఉండేది సుమారు 6 సెంటీమీటర్లు. కన్ను పదునుగా ఉంటుంది, చెవి పోగు కరిగిపోతుంది. పోగు కుట్టడానికి ఎవరో పది రాత్రులు కూర్చుని ఉండొచ్చు, దాన్ని మసక చేసి ఇస్తే ఫొటో తీసినట్టే కాదు. ఎఫ్ 5.6 పెడితే అది 18 సెంటీమీటర్లకి పెరుగుతుంది, కంటి నుంచి పోగు, మెడలో హారం దాకా అందుతుంది. వెనక బ్యాక్‌గ్రౌండ్ మసకబారాలంటే ఆమెని గోడ నుంచి 4, 5 మీటర్లు ముందుకి తీసుకురండి.

నిలబడి ఉంటే 1/200 చాలు. ఫ్యాన్సీ షాల్ నాట్యంలో శాలువా అంచుల కుచ్చులు గాల్లో ఆగిపోయినట్టు కావాలంటే 1/1000. కుచ్చులు కదిలి, ముఖం నిలవాలంటే 1/40కి తగ్గించి ఫ్లాష్‌ని రియర్ కర్టెన్‌లో (షట్టర్ మూసుకోబోయే క్షణంలో వెలిగేలా) పెట్టండి. పదిహేను ఇరవై ఫ్రేముల్లో ఒకటి కుదురుతుంది, ఆమెకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అది దొరికేలోపే ఆమె విసిగిపోతుంది.

వెలుతురు: పూసలు, జింగిల్స్, ఎరుపు

ముఖం ఒక్కటే తీసేటప్పుడు 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్‌ని (వెలుతురుని మెత్తబరిచే గుడ్డ పెట్టెని) 1.2 మీటర్ల దూరంలో, 45 డిగ్రీల పక్కగా, దాని కింది అంచు గడ్డం ఎత్తులో ఉండేలా పెడితే సరిపోతుంది. ఇదే లైట్‌తో పూర్తి రెగాలియా తీస్తే గొడవ మొదలవుతుంది. ముఖానికి 1.2 మీటర్లు, లంగా అంచుకి 2 మీటర్లు అయ్యేసరికి అంచు దగ్గర వెలుతురు ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగం) పడిపోతుంది, లంగా చీకట్లో కలిసిపోతుంది. లైట్‌ని 2.5 మీటర్ల దూరానికి జరపండి. అప్పుడు ముఖానికీ అంచుకీ తేడా సుమారు అర స్టాపే. మెత్తదనం తగ్గుతుంది కాబట్టి బాక్స్ సైజు 150 సెంటీమీటర్లకి పెంచాలి.

ఉదాహరణకి ఒక ఓజిబ్వే జాతి నర్సు అనుకుందాం, జింగిల్ డ్రెస్ (లోహపు శంకువులు కుట్టిన దుస్తులు) నాట్యం కూడా చేస్తుంది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో ఓజిబ్వే వాళ్లలో ఈ దుస్తులు పుట్టాయని, జబ్బు మనిషి కోసం చేసే నాట్యంగా మొదలైందని వాళ్లు చెప్పుకుంటారు. అంటే ఆమె రెండు ఉద్యోగాలూ ఒకటే. మెడలో స్టెతస్కోప్, ఒంటిమీద జింగిల్ డ్రెస్, వెనక ఆసుపత్రి కారిడార్: గడియారం ఎక్కడో వెతకక్కర్లేదు. రెండూ కలిపి వేసుకోవడం సబబేనా అన్నది మాత్రం ఆమె, ఆమె ఇంటి పెద్దలు తేల్చాల్సిన విషయం. ఆసుపత్రి వాళ్ల అనుమతి, రోగులెవరూ ఫ్రేములో పడకపోవడం మీ పని.

ఇక్కడ కష్టమంతా ఆ లోహపు గొట్టాలతోనే. వందల కొద్దీ చిన్న చిన్న శంకువులు, ఒక్కొక్కటీ ఒక వంపు అద్దం. చిన్న ఫ్లాష్ కొడితే ప్రతిదానిమీద ఒక తెల్లచుక్క, అంతే. దుస్తులమీద ఉప్పు చల్లినట్టుంటుంది, శంకువు ఆకారం మాయం. చేయాల్సింది ఇలా: 150 సెంటీమీటర్ల లైట్‌ని కెమెరాకి ఎడమవైపు పెట్టి, దాని ముందు ఇంకో డిఫ్యూజర్ గుడ్డ వేలాడదీయండి. కుడివైపు, ఆమెకి ఒక మీటరు దూరంలో, ఆమె ఎత్తున్న నల్లగుడ్డ నిలబెట్టండి. అప్పుడు ప్రతి శంకువుకీ ఒకవైపు పొడవాటి తెల్లగీత, రెండోవైపు నల్లని అంచు వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఆ తేడాకి నవ్వొస్తుంది, అంత సులువు. ఎఫ్ 8కి వెళ్లండి. కారిడార్ ట్యూబులైట్లు ఆకుపచ్చ రంగు పోస్తుంటే వీలైతే ఆర్పించండి, కాకపోతే ఫ్లాష్‌కి పల్చటి ఆకుపచ్చ జెల్ వేసి, వైట్ బ్యాలెన్స్ గ్రే కార్డుతో సరిచేసుకోండి. ఇక ఆమెని నిలబెట్టి ఉంచొద్దు. రెండు అడుగులు నాట్యం వేయమనండి, ఆగిన క్షణంలో తీయండి. ఆగినాక కూడా శంకువులు అర సెకను ఊగుతాయి, ఆ ఊపు ఫొటోలో తెలుస్తుంది.

వెండి, టర్కోయిస్ నగల సంగతి వేరు. దినే, ప్యూబ్లో వెండి పనివాళ్ల హారాల్లో మీ ప్రతిబింబమే పడుతుంది. తెల్లచొక్కా వేసుకుని వెళ్తే మధ్యలో ఒక తెల్ల మచ్చ. నల్లచొక్కా వేసుకోండి. టర్కోయిస్ నీలం పసుపు వెలుతురులో ఆకుపచ్చకి తిరుగుతుంది, కాబట్టి ఇంటి బల్బునీ కిటికీ వెలుతురునీ కలపకండి.

ఎరుపు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే అదృశ్యమైన, హత్యకు గురైన మూలవాసీ మహిళల జ్ఞాపకంగా ఎర్ర దుస్తులు, ఎర్ర రిబ్బన్ లంగాలు చాలా ఫొటోల్లో ఉంటాయి. కెమెరా మామూలు హిస్టోగ్రామ్ (వెలుతురు ఎక్కడెంతుందో చూపే గ్రాఫ్) అంతా బాగుందని చూపిస్తూనే ఉంటుంది, లోపల ఎర్ర చానల్ ఒక్కటే నిండిపోయి మడతలన్నీ చదునైపోతాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ ఆన్ చేసి ఎరుపు కుడిగోడని తాకుతుంటే ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతులు తగ్గించండి. రా ఫైలులో చర్మాన్ని విడిగా పైకి లేపొచ్చు, పోయిన ఎరుపు మాత్రం తిరిగిరాదు. వెబ్ కోసం ఎస్ఆర్‌జీబీలోకి మార్చేటప్పుడు ఎరుపు శాచురేషన్ 10–15 తగ్గిస్తే మడతలు మళ్లీ కనిపిస్తాయి.

గడ్డి మీద నిలబెడితే గడ్డం కింద చర్మం ఆకుపచ్చగా మారుతుంది. కాళ్ల ముందు, ఫ్రేముకి బయట, ఒక బూడిదరంగు దుప్పటి పరచండి చాలు.

నిలబడటం, చూడటం, నవ్వడం

చేతులు కట్టుకుని కటువుగా చూడమని చెప్పొద్దు. చేతులకి పని ఇవ్వండి. రాగి బిందె అయితే రెండు చేతులా కింది నుంచి పట్టుకోవాలి, అందులో నిజంగా నీళ్లుండాలి. ఖాళీ బిందె పట్టుకున్న మోచేతులు అబద్ధం చెబుతాయి, బరువు లేదని ఇట్టే తెలిసిపోతుంది. బిందెని నడుము దగ్గరే ఉంచమనండి, ఇంకా పైకెత్తితే రాగి కాంతి గడ్డం కింద నారింజ మచ్చలా పడుతుంది. పాదాలు తుంటి వెడల్పున, ఒకటి అర అడుగు ముందుకి, మోకాలు బిగించకుండా. భుజాలు కెమెరాకి 20, 30 డిగ్రీలు తిరిగి ఉండాలి, నడుం సన్నగా కనబడేందుకు కాదు, అడుగు వేయబోతున్నట్టు కనబడేందుకు. ఊపిరి వదిలేసిన చివర తీయండి, పీల్చేటప్పుడు భుజాలు చెవుల దగ్గరికి పోతాయి.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎక్స్‌పొజిషన్‌లో జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ శిల్పం ఒకటి పెట్టారు: అలసిన గుర్రం మీద తల వేలాడేసిన యోధుడు. అక్కడినుంచి ఆ భంగిమ పోస్టుకార్డుల్లో, క్యాలెండర్లలో తిరుగుతూనే ఉంది. అస్తమయం ముందు నల్లని ఆకారంగా తీయాలనిపించినప్పుడు ఆ శిల్పం గుర్తుచేసుకోండి. ఉదయపు వెలుతురు వాడితే కెమెరాకి తేడా తెలియకపోవచ్చు, కానీ ఆమె ముఖం వెలుతురు వైపు ఉంటుంది కదా, ఆకారం కాకుండా మనిషి వస్తుంది.

ఇంకో సంగతి నవ్వు. కర్టిస్ ఫొటోల వల్ల మూలవాసులంటే రాయిలా గంభీరంగా ఉండేవాళ్లన్న అభిప్రాయం స్థిరపడింది. ఫ్రేముల మధ్యలో ఆమె చెల్లెలు ఏదో అంటే పగలబడి నవ్విందనుకోండి, షట్టర్ ఆపకండి. ఎంపికలో గంభీరమైనవి మూడుంటే నవ్వు ఒకటైనా చూపించండి, చాలాసార్లు ఆమె ఎంచుకునేది అదే కావచ్చు. వెండీ రెడ్ స్టార్ అనే అప్సాలోకే (క్రో) జాతి కళాకారిణి 2006లో తన ఎల్క్ పంటి దుస్తుల్లో కృత్రిమ గడ్డి మీద, గాలి నింపిన జంతువు బొమ్మ పక్కన కూర్చుని ఫొటోలు తీసుకుంది. మ్యూజియం బొమ్మల కొలువుని ఆ నవ్వులాటతోనే పడగొట్టింది.

జుట్టు గురించి ఒక మాట. జడ ముందుకా వెనక్కా అన్నది ఆమె ఇష్టం. ఎగిరే వెంట్రుకలు సర్దడానికి కూడా చేయి వేయకండి, అద్దం ఇవ్వండి.

ఎర్ర చేతిముద్ర

నోటిమీద ఎర్ర అరచేతి ముద్ర, అదృశ్యమైన, హత్యకు గురైన, గొంతు వినబడకుండా పోయిన మహిళల తరఫున పెట్టుకునే గుర్తు. 2019 బోస్టన్ మారథాన్‌లో లకోటా రన్నర్ జోర్డాన్ మేరీ డేనియల్ ఆ ముద్రతో పరుగెత్తాక లోకమంతా చూసింది. అదే ఏడాది ఈ మహిళల గురించి కెనడా జరిపిన జాతీయ విచారణ తుది నివేదిక 231 న్యాయ డిమాండ్లతో వచ్చింది. ఫొటోగ్రాఫర్ నోట ఈ ఆలోచన రాకూడదు. ఆమె అడిగితేనే.

అడిగితే, క్రాఫ్ట్ షాపు యాక్రిలిక్ రంగు వద్దు, ఆరాక చర్మాన్ని లాగుతుంది, పెదవి పగుల్తుంది. నీళ్లతో తడిపి వాడే ఫేస్ పెయింట్ తీసుకోండి, ముందురోజే మోచేతి లోపల చిన్న చుక్క పెట్టి 24 గంటలు చూడండి. స్పాంజితో అరచేతికి పలచగా, వేళ్ల చివరలదాకా సమంగా అద్దాలి. పెయింట్ ఎక్కువైతే నొక్కగానే జారి వేళ్ల సందులు మూసుకుపోతాయి, ముద్ర కాస్తా మరకవుతుంది. నోరు మూసుకుని, ఒక్కసారి నొక్కి, మూడు లెక్కపెట్టి, జార్చకుండా నేరుగా తీయాలి. ఎవరి చేయి అన్నది ఆమే చెప్పాలి, మీది మాత్రం కాదు. ముద్ర పెట్టాక మాట్లాడితే పెదవుల మూలల్లో పగుళ్లొస్తాయి, కాబట్టి మాటలన్నీ ముందే అయిపోవాలి. ఈ ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేయొద్దు. ఎరుపు ముదురు బూడిదగా మారి గడ్డం మీద నీడలా కనిపిస్తుంది.

షూట్ అయ్యాక ఆమెని వెంటనే పంపేయకుండా కూర్చోబెట్టండి. ఆ ముద్ర వెనక ఇంటి మనిషి పేరు ఉండొచ్చు.

ఎడిటింగ్

క్లారిటీ, టెక్స్చర్ స్లైడర్లు ముఖం మీద వాడకండి. ముడతల్ని చెక్కినట్టు చూపించే ఆ రివాజు కూడా కర్టిస్ వారసత్వమే. మాస్క్ పెట్టి పూసలమీద, నేత మీద 10 దాకా వేస్తే చాలు. సెపియా, గీతలు పడ్డ పాత ఫిల్మ్ ఓవర్‌లేలు అసలొద్దు. బ్లాక్ అండ్ వైట్ తప్పదనుకుంటే టర్కోయిస్, గోధుమరంగు చర్మం ఒకే బూడిదలో కలిసిపోతాయని గుర్తుంచుకుని నీలం స్లైడర్‌ని విడిగా పైకి జరపండి.

ఫ్రేముని అద్దంలోలా కుడి ఎడమలు తిప్పేయడం మనకి చిన్న విషయం. దుస్తులమీద కుడి ఎడమలకి అర్థం ఉండొచ్చు, పతకం వేరే వైపుకి పోతుంది. జనరేటివ్ ఫిల్‌తో (ఏఐతో ఖాళీ నింపే టూల్‌తో) దుస్తుల అంచు సాగదీయడం ఇంకా ప్రమాదం: అది లేని పూసల డిజైన్ కల్పిస్తుంది. డిజైన్ ఒక కుటుంబానిదో వంశానిదో కావచ్చు. చోటు చాలకపోతే ఇంకో ఫ్రేము వాడండి. చిన్న సైజుకి కుదించినప్పుడు దగ్గరి పూసల వరుసల్లో రంగుల అలలు తేలితే, ముందు పూసలమీద మాత్రం స్వల్పంగా బ్లర్ వేసి తర్వాత కుదించి చూడండి.

ఫైల్ బయటికి పంపేముందు జీపీఎస్ సమాచారం తీసేయండి. హింసకి ఎదురుగా నిలబడ్డ మహిళ ఇల్లు ఎక్కడుందో ఫొటో చెప్పకూడదు.

ప్రింటు, పేరు

క్యాప్షన్‌లో "మూలవాసీ మహిళ" అని రాసి వదిలేస్తే కర్టిస్ పనే చేసినట్టు. ఆమె చెప్పిన పేరు, ఆమె చెప్పిన స్పెల్లింగ్‌లో జాతి పేరు, చేసే పని, సంవత్సరం. నవాహో అనాలా దినే అనాలా అన్నది ఆమెనే అడగండి. దుస్తులు, నగలు చేసినవాళ్ల పేర్లు కూడా వాళ్లకి ఇష్టమైతే చేర్చండి. పేరు వద్దంటే ఆ సంగతి కూడా ఒప్పందంలో రాసుకోండి. కయోవా ఫొటోగ్రాఫర్ హొరేస్ పూలా తన ప్రింట్ల వెనక ఇవి ఒక ఇండియన్ (అంటే మూలవాసి) తీసిన ఫొటోలని స్టాంపు వేసేవాడు. ప్రింటు వెనకభాగం ఎంత పనికొస్తుందో అక్కడ తెలుస్తుంది.

దినే ఫొటోగ్రాఫర్ విల్ విల్సన్ 2012లో మొదలుపెట్టిన ప్రాజెక్టులో టిన్‌టైప్ (లోహపు పలక మీద తీసే పాతకాలపు ఫొటో) తీసి, అసలు పలకని కూర్చున్న మనిషికే ఇచ్చేసి తాను స్కాన్ మాత్రం ఉంచుకున్నాడు. డిజిటల్‌లో దానికి దగ్గరగా చేయగలిగింది ఇది: మొదటి ప్రింటు ఆమెది. ఏ3 సైజు, 300 పీపీఐ, కాటన్ కాగితం, పిగ్మెంట్ ఇంకు. ఎరుపు, టర్కోయిస్ సరిగ్గా వచ్చాయో లేదో కిటికీ దగ్గర పగటి వెలుతురులో, వీలైతే అసలు నగని పక్కన పెట్టుకుని చూడండి. తేడా ఉంటే మళ్లీ వేయించండి. వెనక మెత్తటి పెన్సిల్‌తో క్యాప్షన్ రాయండి, బాల్‌పాయింట్ అయితే ముందువైపు గీతలు లేస్తాయి. ఆమె, ఆమె అమ్మమ్మ చూసి సరే అన్నాకే రెండో ప్రింటు వేయించండి.